పై సిలిండరు

నంద్యాల చెక్‌పోస్టు కాడ, పంక్చర్ల అంగడి పక్కన మా షెడ్డు.
రోజూ వచ్చేవి లూనాలు, చేనుకు మందు కొట్టే పంపులు.
ఆ పొద్దు మాత్రం ఆటోలోంచి ఒక పడవ ఇంజను దిగింది,
గోనెపట్టా కప్పుకొని, జరమొచ్చిన మనిషి మాదిరి.

తెచ్చినోడు ముచ్చుమర్రి బెస్త మద్దిలేటి.
వెనకాల వాళ్ల పిల్లోడు, పన్నెండేండ్లుంటాయేమో,
ఎడమ చెంప ఇంకా కమిలే ఉంది.
"ఆయిలు కలిపేది మర్సినాడు సామీ ఈ గాడిద.
నడి ఏట్లో పట్టేసింది.
తెడ్డేసుకుంటా ఒడ్డు చేరేసరికి తెల్లారె."

నేనేమీ అనలేదు.
ఇంజను చెప్పకముందే మనిషి మాట నమ్మొద్దని
మా ఉస్తాదు జాఫర్ సాబు నేర్పిన బుద్ధి.

ప్లగ్గులు విప్పినా.
కిందిది శెనక్కాయ పొట్టు రంగు. బాగుంది.
పైది సున్నం కొట్టినట్టు తెల్లన,
కొసకు వెండి రవ్వలు అంటుకోనుండాయి.
అవి వెండి గాదు, పిస్టను కండ.

టార్చి పిల్లోని చేతికే ఇచ్చినా.
"ఇట్ల పట్టు రా."
చెయ్యి వణికె, వెలుతురూ వణికె.

హెడ్డు తీస్తే కనపడింది:
పొగ పోయే దిక్కు అంచు
బెల్లం పాకం జారినట్టు కరిగి జారింది,
రింగు గాడిలోనే పూడిపోయింది,
ఒళ్లంతా నిలువు చారలు, గొర్రు తోలిన చేను.

కింది పిస్టను కూడా తీసినా.
దాని ఒంటిమీద నూనె తేమ ఇంకా ఆరలేదు,
వేలు పెడితే జారింది.

బీడీ ముట్టించబోయి, పెట్రోలు గుర్తొచ్చి,
చెవి మీద పెట్టుకున్నా.
"మద్దిలేటీ, ఒకటే డబ్బా, ఒకటే పైపు.
రెండు నోళ్లూ తాగింది ఒకటే కలుపు.
ఆయిలు లేకుంటే రెండూ చావాల గదప్పా,
ఒక్కటే ఎట్ల చచ్చె?"

ఆయప్ప పిస్టన్ల దిక్కు చూసినాడు.
పిల్లోని దిక్కు చూడలేదు.

పై కార్బరేటరు జెట్టులో దొరికింది దొంగ,
తుమ్మబంక మాదిరి ఎండిపోయిన పెట్రోలు,
చీమ దూరనంత బెజ్జానికి అడ్డం.
పెట్రోలు తగ్గితే మంట పెరుగుతాది.
చెప్తే ఎవురూ నమ్మరు గాని,
తిండి చాలనోనికే గదా కడుపు మండేది.

"ఎండాకాలం, నీళ్లు వెనక్కి పోయినప్పుడు
డబ్బా వొంపకుండా, పైపు ఊడదీయకుండా
నాలుగు నెల్లు ఈ ఇంజన్ను కొట్టంలో పెట్టిందెవరు?"

శానా సేపటికి,
"నేనే" అన్నాడు.

సిలిండరు గోడకు అంటిన లోహం మీద
గుడ్డతో యాసిడ్డు అద్దినా. బుసబుస పొంగి వదిలింది.
గోరుతో గీకి చూసినా, యాడా తగల్లేదు.
గోడ బతికింది, అదే అదృష్టం.
మూడో రోజుకు హైదరాబాదు నుంచి పిస్టను వచ్చె.
రింగు సందు కొలిచి, బాణం గుర్తు పొగ దిక్కుకు తిప్పి,
పిన్నుకు క్లిప్పులు కొత్తవే వేసినా.
పాత క్లిప్పు మళ్లా వేసేది
దొంగను కాపలా పెట్టినట్టు.
కింది జెట్టు కూడా కడిగినా, అది అడగకున్నా.

డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజన్ను నిలబెట్టినాం.
పిల్లోడు దగ్గుమందు మూతతో ఆయిలు కొలిచినాడు,
అంగడంతా వినపడేట్టు, ఒకటి, రెండు, మూడు.
మూడు కాడ గొంతు జీరబోయె.
మళ్లా ఒకటి నుంచి మొదలుపెట్టినాడు.

వాళ్ల నాయన నూటయాభై తగ్గించమన్నాడు.
తగ్గించలేదు.
"మొదటి పది గంటలు మెల్లగ పోనీ.
గోడ పాతది, పిస్టను కొత్తది,
తొందరపెడితే రెండూ ఒరుసుకుంటాయి" అంటి.

ఇంగ తాడు లాగండి అన్నా.
ఎవురు లాగాల్నో తెలీక
ఇద్దరూ డ్రమ్ముకు చెరో పక్క నిలబడ్నారు.
నేను చేతులు తుడుచుకుంటాండా.
పొద్దు గుంకే లోపల
ఇంకా రెండు లూనాలు చూడాల.